ఆ పీక్ అంతా మందుదేనా?

అమ్మలూ,

రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్‌ను ప్లాస్మాలో కొలిచే మెథడ్‌లో క్యూసీలన్నీ (తెలిసినంత మందు మనమే కలిపి చేసుకునే పరీక్ష శాంపిల్స్) పాసవుతున్నా, వాలంటీర్ల శాంపిల్స్ రెండోసారి చేస్తే విలువలు కలవడం లేదని రాశావు. టెన్షన్ పడకు. మాస్ స్పెక్ట్రోమీటర్ (అణువుల్ని బరువును బట్టి గుర్తించే మెషీన్) మీద అనుమానం వద్దు, ముందు శాంపిల్ పోసిన వయల్‌లో ఏం జరుగుతోందో చూడు.

75 మిల్లీగ్రాముల మాత్ర వేసుకున్నవాళ్ల ప్లాస్మాలో అసలు మందు మిల్లీలీటరుకు నానోగ్రాముల్లోనే ఉంటుంది. చాలా భాగం కార్బాక్సిలిక్ ఆమ్లంగా మారిపోతుంది. అది మైక్రోగ్రాముల్లో ఉంటుంది. ఆ ఆమ్లానికి గ్లూకురోనిక్ ఆమ్లం అతుక్కుంటే ఎసైల్ గ్లూకురోనైడ్. ఆ అతుకు గట్టిది కాదు. మిథనాల్ తగిలితే గ్లూకురోనిక్ ఆమ్లం ఊడిపోయి, ఆ చోట మిథైల్ వచ్చి చేరుతుంది. క్లోపిడోగ్రెల్ అంటేనే ఆ ఆమ్లపు మిథైల్ ఎస్టర్ కదా! అంటే మనిషి ఒంట్లో లేని మందు మన వయల్‌లో పుడుతోంది. కొండంత మెటబొలైట్‌లో (మందు ఒంట్లో మారి అయిన పదార్థంలో) గోరంత మారినా నానోగ్రాముల లెక్క తారుమారవుతుంది.

ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నదే. అప్పట్లో పనిచేసిన ల్యాబ్‌లో మిథనాల్‌తో ప్రొటీన్ తీసేవాళ్లం. ఒక రాత్రి రన్ మధ్యలో ఆగిపోయింది. మర్నాడు అవే వయల్స్ మళ్లీ ఇంజెక్ట్ చేస్తే, వాలంటీర్ శాంపిల్‌లో క్లోపిడోగ్రెల్‌ను చూపే 322 నుంచి 212 పీక్ (322 బరువున్న అయాన్ విరిగి 212 అయ్యే సిగ్నల్) ముందురోజు కంటే పెద్దదిగా వచ్చింది. పక్కనే ఉన్న క్యూసీలో మార్పే లేదు. మందు నిల్వలో తగ్గొచ్చు గానీ పెరుగుతుందా? క్యూసీలో మేం కలిపింది ఒట్టి మందే, గ్లూకురోనైడ్ లేదు. అందుకే అది ఎప్పుడూ పాసయ్యేది.

కాబట్టి మిథనాల్ మానేసి ఎసిటోనైట్రైల్ వాడు. స్టాక్ సొల్యూషన్లు, మొబైల్ ఫేజ్, నీడిల్ వాష్ కూడా చూసుకో. శాంపిల్స్ ఐస్ మీదే ఉంచు, ఆల్కలైన్ బఫర్ల జోలికి పోకు. ఒక క్యూసీలో గ్లూకురోనైడ్ కూడా కలిపి, రాత్రంతా ఆటోశాంప్లర్‌లో పెట్టి మళ్లీ ఇంజెక్ట్ చెయ్యి.

ఇంకో చిక్కు మాస్ సోర్స్‌లో, అంటే శాంపిల్ అయాన్లుగా మారే చోట ఉంది. అక్కడి వేడికి, వోల్టేజీకి 484 బరువు దగ్గరున్న గ్లూకురోనైడ్ 176 పోగొట్టుకుని, ఆమ్లం బరువైన 308 అవుతుంది. అంటే ఆమ్లం ఛానల్లో కనిపిస్తుంది. అయితే అది గ్లూకురోనైడ్ రిటెన్షన్ టైమ్‌లోనే (కాలమ్ నుంచి బయటికొచ్చే సమయంలోనే) వస్తుంది. రెండు పీకులనూ కాలమ్ మీద విడదీస్తే పట్టుబడుతుంది. వయల్‌లో పుట్టిన క్లోపిడోగ్రెల్ అలా కాదమ్మా, అసలు మందు వచ్చే చోటే వస్తుంది. ఎంత మంచి కాలమ్ వేసినా దాన్ని విడదీయలేవు. అందుకే నా బాధంతా ఆ మిథనాల్ గురించే.

యాక్టివ్ మెటబొలైట్ (ఒంట్లో నిజంగా పనిచేసే రూపం) కూడా కొలవమంటే ల్యాబ్‌లో మొదలుపెడితే ఆలస్యమే. దాని థయోల్ (గంధకం ఉన్న భాగం) ఊరికే ఉండదు, దొరికినదానితో కలిసిపోతుంది. రక్తం తీసిన వెంటనే ట్యూబులో బ్రోమో మెథాక్సీ ఎసిటోఫినోన్ వెయ్యాలి. అప్పుడు దాని బరువు 356 కాస్తా 504 అయి నిలుస్తుంది. క్లినిక్‌లో రక్తం తీసే సిస్టర్ పక్కన ఒకరోజు నిలబడి, ఎన్ని సెకన్లు పడుతోందో నువ్వే చూడు.

గ్లూకురోనైడ్ కలిపిన వయల్స్ రెండు రోజుల క్రోమాటోగ్రామ్‌లు నాకు పంపు. ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ పెదనాన్న