కాలిఫోర్నియానా, టెక్సాసా: ట్రక్కు డ్రైవరుకు ఏది మేలు?

సీడీఎల్ (అమెరికాలో పెద్ద ట్రక్కులు నడిపే లైసెన్స్) వచ్చింది, కాలిఫోర్నియా కంపెనీ మైలుకి కాస్త ఎక్కువ ఇస్తానంటోంది, టెక్సాస్ కంపెనీ తక్కువ ఇస్తానంటోంది, ఎటు వెళ్లాలో తేలడం లేదన్నారు కదా. నా ఓటు టెక్సాస్‌కే.

మైలు లెక్కన జీతమంటే రోజుకి ఎన్ని మైళ్లు తిరుగుతామన్నదే అసలు సంగతి. కాలిఫోర్నియాలో మూడు, అంతకంటే ఎక్కువ యాక్సిళ్ల ట్రక్కు గంటకి 55 మైళ్లు దాటకూడదు. టెక్సాస్‌లో చాలా హైవేల మీద 70, 75 దాకా వెళ్లొచ్చు, మీ కంపెనీ ఇంజిన్‌కి గవర్నర్ (వేగం ఒక హద్దు దాటకుండా ఆపే పరికరం) పెట్టకపోతే! రాష్ట్రాలు దాటే లోడ్లకి రోజుకి 11 గంటల డ్రైవింగ్ పరిమితి రెండు చోట్లా ఒకటే కాబట్టి ఆ తేడా నేరుగా జేబులోకే వస్తుంది.

ఇక ట్యాక్స్. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. రాష్ట్రాలు దాటి నడిపే డ్రైవరు జీతం మీద ఈ రాష్ట్ర పన్ను వేసే హక్కు ఫెడరల్ చట్టం ప్రకారం అతను నివసించే రాష్ట్రానికే ఉంది. అంటే కంపెనీ ఎక్కడుందన్నది కాదు, మీ ఇల్లు ఎక్కడన్నదే ముఖ్యం. ఇల్లు కొంటే మాత్రం టెక్సాస్‌లో ప్రాపర్టీ ట్యాక్స్ బాగానే వాయిస్తారు.

రోజూ రాత్రికి ఇంటికి చేరాలంటే మాత్రం కాలిఫోర్నియాలోని లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ పోర్టుల కంటైనర్ పని బాగుంటుంది. కానీ గేటు దగ్గర వెయిటింగ్‌కి డబ్బులిస్తారో లేదో ముందే రాతపూర్వకంగా తీసుకోండి. తర్వాత సొంత ట్రక్కు కొనే ఆలోచన ఉంటే ఇంకో మాట: కాలిఫోర్నియాలో పెద్ద డీజిల్ ట్రక్కుకి దాదాపుగా 2010 లేదా ఆ తర్వాతి ఇంజిన్ ఉండాల్సిందే.