దిండు కింద ఉండేది కూడా అమ్మేసినావా నాయనా?

ప్రశ్న: మేడమ్, మాది కర్నూలు. పెయింట్లు, హార్డ్‌వేర్ షాపు నడుపుతున్నాను. సొంతూరు తుగ్గలి దగ్గర. మా పాప ఇంటర్ సెకండియర్ బైపీసీ చదువుతోంది, వచ్చే ఏడాది నీట్ రాయాలి. రాత్రి ఒంటిగంట దాకా గదిలో లైటు వెలుగుతుంటే చదువుకుంటోందని సంతోషపడ్డాం. జూన్‌లో తొలకరి పడ్డాక నేను మూడు రోజులు జొన్నగిరి వైపు పోయి వచ్చాను. వచ్చిన రాత్రి చూస్తే జువాలజీ పుస్తకం లోపల మంత్రగాళ్ల నవల పెట్టుకొని చదువుతోంది. మంచం కింద అట్టపెట్టెలో నలభై దాకా దొరికాయి. అన్నీ మాయలు, హత్యలు, నిధుల వేటలు. కొన్ని తెలుగు, ఎక్కువ ఇంగ్లీషు. ఇవి మనవి కావు, మన బతుకులకు పనికొచ్చేవి కావు. మరుసటి రోజు కోపంలో అన్నీ పాత పేపర్లవాడికి తూకానికి వేసేశాను. సాయంత్రం పాప కాలేజీ నుంచి వచ్చి, ‘దిండు కింద ఉండేది కూడా అమ్మేసినావా నాయనా?’ అని ఒకే మాట అడిగింది. ఆ పుస్తకం పేరేమిటో కూడా నాకు తెలియదు. పద్దెనిమిది రోజులైంది, నాతో మాట్లాడటం లేదు. తింటుంది, కాలేజీకి పోతుంది, వాళ్లమ్మతో అవసరానికి మాట్లాడుతుంది. ఫస్టియర్‌లో ఈ పిచ్చి ఇంతగా లేదు. పుస్తకాలు తిరిగి తెచ్చివ్వమని నా భార్య, హాస్టల్లో వేయమని మా అన్న అంటున్నారు. నాకు ఒకటే భయం, పిల్ల ఊహల్లోనే బతికి నిజం మరిచిపోతుందేమోనని.

జవాబు: మీ ఉత్తరంలో ఒక మాట ఊరికే అనేసి ముందుకు పోయారు. తొలకరి పడ్డాక మూడు రోజులు జొన్నగిరి వైపు పోయి వచ్చానన్నారు. ఎందుకు పోయారో రాయలేదు. కర్నూలు జిల్లాలో అది రాయనక్కర్లేదు లెండి. తొలి వానలకు పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు బయటపడతాయి. జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర పొలాల్లో జనం తలలు వంచుకొని నేలనే చూస్తూ నడుస్తుంటారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి చెట్ల కింద, గుడి అరుగుల మీద పడుకొని మరీ వెతుకుతారు. ఎవరికో లక్షల వజ్రం దొరికిందని పేపర్లో వస్తుంది, మరునాటికి జనం ఇంకా పెరుగుతారు.

మీకేం దొరికిందో అడగను. దొరికి ఉంటే ఈ ఉత్తరంలో ఎక్కడో ఒకచోట మెరిసేది. అయినా వచ్చే తొలకరికి మళ్లీ పోతారని నా నమ్మకం. మీరు వ్యాపారస్తులు, మూడు రోజులు షాపు మూస్తే ఎంత నష్టమో, వజ్రం దొరకడం ఎంత అరుదో నాకంటే మీకే బాగా తెలుసు. తెలిసీ పోతారు. మట్టిలో ఏదైనా మెరిస్తే, వంగి దాన్ని చేతిలోకి తీసుకునే లోపల గుండె ఝల్లుమంటుంది చూడండి, దానికోసం పోతారు. అది గాజుపెంకే కావచ్చు. తిరిగొచ్చి పెయింటు డబ్బాల మధ్య కూర్చున్నాక కూడా ఆ మూడు రోజులు గుర్తొస్తుంటాయి. మీ పాప రాత్రి ఒంటిగంట దాకా పేజీలు తిప్పేది కూడా దానికోసమే అంటే మీకు కోపం వస్తుందా? మిమ్మల్ని ఎగతాళి చేయడానికి చెప్పడం లేదు. ఆ ఇంట్లో పాపను అందరికంటే బాగా అర్థం చేసుకోగలిగింది మీరేనని నాకనిపించింది.

‘ఇవి మనవి కావు’ అన్నారు, అది మాత్రం ఒప్పుకోను. 1947 జులైలో చక్రపాణితో కలిసి మద్రాసులో ‘చందమామ’ మొదలుపెట్టిన బి. నాగిరెడ్డి కడప జిల్లా మనిషి. నెలనెలా మంత్రగాళ్లనూ రాక్షసులనూ శవంలోని బేతాళుణ్నీ ఇంటింటికీ చేర్చిన పత్రిక అది. 1951లో ‘పాతాళ భైరవి’ తీసిన కె.వి. రెడ్డిది తాడిపత్రి. వాన సరిగా పడని సీమ నుంచి పోయిన మనుషులు తెలుగువాళ్లందరికీ మాయలూ మంత్రాలూ పంచిపెట్టారు. అంతెందుకు, కొండారెడ్డి బురుజు నుంచి తుంగభద్ర అడుగున గద్వాల దాకా సొరంగం ఉందన్న మాట వినకుండా కర్నూలులో పెరిగిన పిల్లలెవరైనా ఉన్నారా? ఆ మాట మీకు చెప్పినవాళ్లెవరో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మీ జేజి అయితే నేనేం ఆశ్చర్యపోను.

ఇక ఆ పుస్తకాల్లో ఏముందని పిల్ల అంతగా అతుక్కుపోతుంది?

జేజమ్మల కథల్లో ఒక మాట తప్పకుండా ఉండేది. ‘అన్ని దిక్కులకూ పో, ఉత్తర దిక్కుకు మాత్రం పోవద్దు.’ రాజకుమారుడు సరిగ్గా ఆ దిక్కుకే పోతాడు. పోకపోతే కథ లేదు. ఇప్పుడు మీ పాప రోజు చూడండి. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. ఏడాదికి పైగా ఆ పిల్ల నేర్చుకుంటున్నది ఒకటే, తప్పు చేస్తే ఉన్నది కూడా పోతుందని. సాహస కథలో దారి తప్పితేనే గుహ కనిపిస్తుంది. తప్పు తలుపు తీస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. రోజంతా కోతల లెక్కలో బతికిన పిల్లకు రాత్రి ఒక గంట సేపు అలాంటి చోటు దొరికితే ప్రాణం లేచొస్తుంది.

ఇంకొకటి. ఈ కథల్లో గెలిచేది ఎవరు? ఏడుగురిలో ఆఖరివాడు, తల్లిదండ్రులు లేనివాడు, ఊరంతా చేతకానివాడు అనుకున్నవాడు. పాతాళ భైరవిలో హీరో తోటమాలి కొడుకు. కిక్కిరిసిన సెక్షన్లో ఒక రోల్ నంబరుగా కూర్చునే పిల్లకు, ‘ఎవరికీ తెలియనిది ఏదో నీలో ఉంది’ అని ఆ పుస్తకం తప్ప ఇంకెవరు చెబుతున్నారు? పైగా మంచి మాయ కథలో అన్నీ ఊరికే రావు. మంత్రగాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల మర్రితొర్రలో చిలకలో ఉంటుంది, అక్కడికి పోవాలంటే అడుగడుగునా ఏదో ఒకటి వదులుకోవాలి. మీరు ‘ఊహలు’ అని కొట్టేసిన చోట లెక్క చాలా గట్టిగా ఉంటుంది. మన లోకంలోనే అప్పుడప్పుడు తప్పుతుంది.

డిటెక్టివ్ కథ సంగతి వేరు. అక్కడ పాఠకుడికీ రచయితకూ ఒక ఒప్పందం ఉంటుంది. ఎంత చిక్కు వేసినా చివరికి విప్పుతానని రచయిత మాట ఇస్తాడు. నేను ప్రొద్దుటూరులో పెరిగాను. బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల షాపు ఒకటి ఉండేది. ఒకసారి తెచ్చుకున్న డిటెక్టివ్ నవలలో చివరి రెండాకులు లేవు. ఎవరో చించేశారు. షాపాయన్ను అడిగితే ‘అద్దెలో సగం తగ్గిస్తాలే’ అన్నాడు. ఆ జమీందారును చంపింది గుమాస్తానా, మేనల్లుడా అని ఇప్పటికీ బట్టలు మడతపెట్టేటప్పుడు ఆలోచిస్తుంటాను. మేనల్లుడి మీదే నా అనుమానం. సగంలో ఆగిన పని మనసులో ఎక్కువగా మెదులుతుందని 1920లలో బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గమనించింది. తర్వాత చేసిన పరీక్షల్లో ప్రతిసారీ అలాగే తేలలేదు గానీ, నా వరకు ఆమె మాట నిజం. మీ పాప దిండు కిందా అలాంటిదే ఒకటి ఉండేది. నలభై పుస్తకాల గురించి అడగకుండా ఆ ఒక్కదాని గురించే అడిగింది, గమనించారా?

ఇక నిజం మరిచిపోతుందన్న మీ భయం. మంత్రదండం ఉండదని పదిహేడేళ్ల పిల్లకు తెలుసు. చదివినంత సేపు తెలియనట్టు ఉంటుంది, అంతే. మీరు గాజుపెంకును వజ్రం అనుకున్న ఆ రెండు క్షణాల్లాగే. నేను చూసేది ఇంకొకటి. చదివింది ఎవరికైనా చెబుతోందా? స్నేహితులతో పుస్తకాలు మార్చుకుంటోందా? కథలో నవ్వొచ్చినచోట నవ్వుతోందా? నలభై పుస్తకాలు పోగయ్యాయంటే ఎవరో ఇచ్చిపుచ్చుకునేవాళ్లు ఉండే ఉంటారు, అది మంచిదే. అలా కాకుండా మనుషుల్ని వదిలేసి, తిండి తగ్గి, ఇష్టమైన పుస్తకం కూడా ఊరికే పట్టుకొని కూర్చుంటే అప్పుడు ఆలోచించాలి.

మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్న మాట ‘ఫస్టియర్‌లో ఇంతగా లేదు’ అన్నది. ఈ ఏడాది ఎక్కువైందంటే ఈ ఏడాది ఏదో జరిగి ఉండొచ్చు. వారం వారం టెస్టుల టెన్షనా, ర్యాంకుల ప్రకారం సెక్షన్ మార్చారా, దగ్గరి స్నేహితురాలు దూరమైందా, లేక బైపీసీనే తన ఇష్టం కాదా. ఏమీ జరిగి ఉండకపోవచ్చు కూడా. ఇది వాళ్లమ్మ అడగాలి, మీరు ఇప్పుడప్పుడే వద్దు. వంటింట్లో పని చేసుకుంటూ, ముఖంలోకి చూడకుండా అడిగితే పిల్లలు చెబుతారు. నిద్రపట్టక ఏడుస్తోందనో, బతకాలని లేదన్న మాట వచ్చిందనో తెలిస్తే మాత్రం ఆలస్యం చేయకండి. టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపేది, డబ్బు అడగరు, తెలుగులోనే మాట్లాడతారు. దగ్గర్లోని మానసిక వైద్యుడికీ చూపించండి.

ఒక విషయంలో న్యాయం మీ వైపే ఉంది. రాత్రి ఒంటిగంట కుదరదు. ఆ వయసుకు రోజుకు ఎనిమిది గంటల నిద్రయినా ఉండాలి. పొద్దున్నే కాలేజీకి పోవలసిన పిల్ల పదిన్నరకు లైటు తీసేయాలి. దానికి పుస్తకాలు అమ్మక్కర్లేదు, వేళ పెడితే చాలు. రాత్రి భోజనం తర్వాత ముప్పావుగంట తన పుస్తకం, బాహాటంగా, హాల్లో కూర్చొని. జువాలజీ కింద దాచే పని లేకపోతే జువాలజీని జువాలజీగా చదువుతుంది. పాపకు ఒక చిట్కా కూడా చెప్పండి. అధ్యాయం చివర ఆపాలని చూస్తే ఎప్పటికీ ఆపలేదు. రచయిత అక్కడే తలుపు చప్పుడు వినిపించి వదిలేస్తాడు. రెండు పేజీల ముందే, ఎవరో అన్నం తింటున్న చోటో, గుర్రానికి నీళ్లు పెడుతున్న చోటో ఆపేస్తే నిద్ర పడుతుంది. నేను నలభై ఏళ్లుగా చేస్తున్నది ఇదే. మేనల్లుడి కేసు తప్ప అన్నిటికీ పనిచేసింది.

నవలలు చదివితే నీట్‌లో ర్యాంకు వస్తుందని మాత్రం నేను చెప్పను. అలా చెప్పి మిమ్మల్ని ఒప్పించడం తేలికే, నిజం కాదు. ఆ ముప్పావుగంట మార్కుల కోసం కాదు. ఆ పిల్ల కోసం.

హాస్టల్ మాట ఇప్పుడు వద్దు. మీ అన్న మంచికే చెప్పి ఉంటారు. కానీ మాటల్లేని ఈ సమయంలో పంపితే, నవల చదివినందుకు ఇంట్లోంచి పంపేశారనే పాపకు మిగిలిపోతుంది. సెలవుల్లో వచ్చినా మీతో మాట్లాడేది అంతంతే.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఆ పాత పేపర్లవాడి దగ్గరికి పోండి. ఈ ఉత్తరం నాకు చేరేలోపే కొన్ని చేతులు మారి ఉంటాయి. బాగున్న పుస్తకాలను వాళ్లు చిత్తులో కలపరు, పాత పుస్తకాలు అమ్మేవాళ్లకు వేరుగా వేస్తారు. ఎవరికి వేశాడో కనుక్కొని అక్కడికీ పోండి. మీరు అమ్మింది కిలో లెక్కన, కొనేది ఒక్కో పుస్తకం లెక్కన. కొంచెం మంటగానే ఉంటుంది. నలభైలో పది దొరికినా తెచ్చి ఆ అట్టపెట్టెలోనే పెట్టండి. దొరకనివాటి గురించి దొరకలేదనే చెప్పండి.

తర్వాత పాపతో ‘నిన్ను అడగకుండా అమ్మడం నా తప్పు’ అనండి. అక్కడ ఆపేయండి. ‘కానీ నువ్వు కూడా’ అని మొదలుపెడితే మళ్లీ పద్దెనిమిది రోజులు. వెంటనే మాట్లాడకపోవచ్చు, కోపంగా లేచిపోవచ్చు. పోనివ్వండి. వేళల సంగతి రెండు మూడు రోజులు ఆగి, వాళ్లమ్మ కూడా ఉన్నప్పుడు ఎత్తండి. వచ్చే ఏడు తొలకరికి నీట్ అయిపోయి ఉంటుంది. జొన్నగిరికి పాపను కూడా తీసుకుపోతే నాకు సంతోషం.

ఈలోగా ఒక పుస్తకం మాత్రం పాతది దొరికినా దొరకకపోయినా కొత్తదైనా కొని తేవాలి. దిండు కింద ఉన్నది. దాని పేరు తెలియదని మీరే రాశారు, మీ భార్యకూ తెలిసి ఉండదు. కాబట్టి పాప గది తలుపు దగ్గర నిలబడి, పేరేమిటి, ఎంత వరకు చదివినావు అని మీరే అడగండి.