22 ఓటములు, ఒక కప్పు: స్పర్స్ సీజన్‌పై మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం లండన్ ఫుట్‌బాల్ క్లబ్బు టాటెన్‌హామ్ హాట్‌స్పర్ (స్పర్స్) 2024-25 సీజన్ గురించే. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లుంటే స్పర్స్‌ది 17వ స్థానం. అదే నెలలో యూరప్ క్లబ్బుల రెండో పెద్ద పోటీ యూరోపా లీగ్ కప్పు ఎత్తింది. ఈ రెండూ చేసింది ఒకే జట్టంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మడం లేదు సార్. ఎలా సాధ్యమైంది? – ఖమ్మం పాఠకుడు

జవాబు: లీగ్ లెక్క వేరు, కప్పు లెక్క వేరు. లీగ్‌లో 38 మ్యాచ్‌లకు స్పర్స్ 11 గెలిచింది, 5 డ్రా చేసుకుంది, 22 ఓడింది. మొత్తం 38 పాయింట్లు. యూరోపా లీగ్‌లో ఆడిన 15 మ్యాచ్‌లలో ఓడినవి రెండే. గలతసరాయ్ చేతిలో 3-2, ఏజెడ్ ఆల్క్‌మార్ చేతిలో 1-0. ఆల్క్‌మార్ బాకీ సరిగ్గా వారానికి లండన్‌లో 3-1తో తీర్చేసింది.

మీ ఆఫీసువాళ్లకు ఏప్రిల్, మే నెలల ఫలితాలు చూపించండి. ఏప్రిల్ 6న సౌతాంప్టన్‌పై గెలిచాక లీగ్‌లో మిగిలిన 7 మ్యాచ్‌లలో స్పర్స్‌కు వచ్చింది ఒకే ఒక్క పాయింటు, అదీ వెస్ట్‌హామ్‌తో 1-1 డ్రా వల్ల. అవే వారాల్లో యూరప్‌లో ఫ్రాంక్‌ఫర్ట్‌తో 1-1, 1-0, బోడో గ్లిమ్ట్‌పై 3-1, 2-0, ఫైనల్లో మాంచెస్టర్ యునైటెడ్‌పై 1-0. ఐదింటిలో నాలుగు గెలుపులు.

దీని వెనక ఒక నిర్ణయం ఉంది. ఆ ఏడాది అట్టడుగున నిలిచి కింది లీగ్‌కు జారిన మూడు జట్లకు వచ్చిన పాయింట్లు మరీ తక్కువ. లెస్టర్‌కు 25, ఇప్స్‌విచ్‌కు 22, సౌతాంప్టన్‌కు 12. ఏప్రిల్ ముగిసేలోపే ఆ మూడూ ఖరారైపోయాయి. లీగ్‌లో పైకి వెళ్లే దారి లేదు, కిందికి జారే భయమూ లేదు. అందుకే కోచ్ ఆంజ్ పోస్టెకోగ్లూ ముఖ్యమైన ఆటగాళ్లను వారాంతాల్లో కూర్చోబెట్టి గురువారాలకు దాచుకున్నారు. యూరోపా విజేతకు యూరప్ క్లబ్బుల అతి పెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్‌లో నేరుగా చోటు దొరుకుతుంది. ఫైనల్ ఓడి ఉంటే మరుసటి ఏడాది యూరప్ ముఖమే చూసేది కాదు. బలాన్నంతా ఆ ఒక్క కప్పు మీద పెట్టడం సరైన పనే అని మా గట్టి నమ్మకం.

ఒక తమాషా కూడా వినిపించండి. యూరోపా తొలి దశలో (దాన్నే లీగ్ దశ అంటారు) 17 పాయింట్లు, ఇంగ్లండ్‌లో 17వ స్థానం, 2008 లీగ్ కప్ తర్వాత 17 ఏళ్లకు వచ్చిన కప్పు. మూడూ నిజమే.

ప్రశ్న: పట్టికలో స్పర్స్ గోల్ తేడా -1 అని ఉంది. 22 ఓడిన జట్టుకు -1 ఏమిటి? అచ్చుతప్పా? – విజయవాడ పాఠకురాలు

జవాబు: అచ్చుతప్పు కాదమ్మా. ఈ సీజన్ మొత్తంలో మాకు బాగా నచ్చిన అంకె అదే. కొట్టినవి 64, ఇచ్చినవి 65. విడదీసి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

గెలిచిన 11 మ్యాచ్‌లలో స్పర్స్ 37 గోల్స్ కొట్టి 5 మాత్రమే ఇచ్చింది. ఎవర్టన్‌పై 4-0, వెస్ట్‌హామ్‌పై 4-1, ఆస్టన్ విల్లాపై 4-1, మాంచెస్టర్ సిటీ సొంత మైదానంలో 4-0, సౌతాంప్టన్‌లో 5-0, ఇప్స్‌విచ్‌లో 4-1. వీటన్నిటి వల్ల +32. డ్రాలలో ఎటూ తేడా ఉండదు. ఓడిన 22 మ్యాచ్‌లలో 20 కొట్టి 53 ఇచ్చింది, అంటే -33. రెండూ కలిపితే -1.

ఇప్పుడు ఓటములను మరోసారి చూడండి. 22లో 15 ఒక్క గోల్ తేడాతో పోయినవి. గెలుపుల్లో ఒక్క గోల్ తేడాతో వచ్చింది ఒకటే, ఫిబ్రవరి 16న యునైటెడ్‌పై 1-0. గెలిస్తే ఊరంతా మోగేలా గెలవడం, ఓడితే అంగుళం దూరంలో ఓడటం. నాలుగు గోల్స్‌తో గెలిచినా మూడు పాయింట్లే, ఒక్క గోల్‌తో గెలిచినా మూడే. ఆ 15లో ఓ ఐదు డ్రా అయి ఉంటే 43 పాయింట్లు వచ్చేవి. 14వ స్థానంలోని వెస్ట్‌హామ్‌కు వచ్చింది సరిగ్గా అంతే. అప్పుడు గోల్ తేడా లెక్కలో స్పర్స్ వాళ్లకంటే పైన ఉండేది.

ప్రశ్న: ఆధిక్యంలో ఉండి కూడా అన్నిసార్లు ఎందుకు ఓడింది? గాయాలు కారణమా, ఆడే పద్ధతా? – గుంటూరు పాఠకుడు

జవాబు: రెండూ. పైగా ఒకదానివల్ల ఇంకొకటి.

పోస్టెకోగ్లూ పద్ధతిలో డిఫెండర్ల వరుస మైదానం మధ్యగీత దగ్గర దాకా వెళ్లి నిలబడుతుంది. కుడి, ఎడమ డిఫెండర్లు పెడ్రో పోరో, డెస్టినీ ఉడోగీ లోపలికి జరిగి మిడ్‌ఫీల్డర్లలా ఆడతారు. బంతి మన దగ్గరున్నంతసేపు ప్రత్యర్థికి ఊపిరాడదు. బంతి పోయిందా, వెనక సగం మైదానం ఖాళీ, కాపలాకు మధ్యలో ఇద్దరే. వాళ్లు గిరుక్కున తిరిగి గోల్ వైపు పరుగెత్తాలి.

ఆ ఇద్దరిలో మికీ వాన్ డి వెన్ ఉంటే ఇది నడుస్తుంది. 2024 జనవరిలో ఆయన పరుగు వేగం గంటకు 37.38 కిలోమీటర్లుగా నమోదైంది. పక్కన క్రిస్టియన్ రొమెరో ఉంటే ఇంకా మేలు. అయితే తొడ వెనక కండరానికి ఎక్కువ ప్రమాదం పూర్తి వేగంలోనే, కాలు ముందుకు చాచి నేలకు ఆనించే క్షణంలో. అలాంటి పరుగులు మ్యాచ్‌లో పదేపదే తీస్తూ, మూడు రోజులకో మ్యాచ్ ఆడితే కండరం కోలుకోదు. డిసెంబర్ 8న చెల్సీతో మ్యాచ్‌లో ఇద్దరూ గాయాల నుంచి తిరిగొచ్చారు. రొమెరో 15వ నిమిషంలో బయటికి వెళ్లాడు, వాన్ డి వెన్ 79వ నిమిషంలో. 11 నిమిషాలకే 2-0తో ముందున్న స్పర్స్ 4-3తో ఓడింది.

ఆ తర్వాత 18 ఏళ్ల ఆర్చీ గ్రే సెంటర్‌బ్యాక్‌గా, అంటే మధ్య డిఫెండర్‌గా ఆడాల్సి వచ్చింది. అతను మిడ్‌ఫీల్డ్ కుర్రాడు. ఆ వయసులో, తనది కాని చోట వారాల తరబడి నిలబడ్డాడు. ఆ సీజన్ గురించి మాట్లాడేవాళ్లు గ్రే పేరు మరిచిపోకూడదు. గోల్‌కీపర్ వికారియో మాంచెస్టర్ సిటీపై 4-0 మ్యాచ్‌ను విరిగిన చీలమండతోనే ముగించి ఆపరేషన్‌కు వెళ్లాడు.

మరి యూరప్‌లో ఏం మారింది? వరుస కిందికి దిగింది. ఫైనల్లో బంతి స్పర్స్ దగ్గర ఉన్నది దాదాపు పావు వంతు సమయమే. 42వ నిమిషంలో పాపె సార్ ఎడమ నుంచి వేసిన బంతి యునైటెడ్ డిఫెండర్ ల్యూక్ షాకు తగిలి, బ్రెనన్ జాన్సన్ కాలి కొస తాకి లోపలికి వెళ్లింది. అందం లేని గోల్, 17 ఏళ్ల నిరీక్షణ తీర్చిన గోల్. రెండో అర్ధభాగంలో యునైటెడ్ ఆటగాడు హోయ్‌లుండ్ తలతో కొట్టిన బంతి గీత దాటబోతుంటే వాన్ డి వెన్ గాల్లోకి లేచి, ఒళ్లు అడ్డంగా వాల్చి కాలితో బయటికి తన్నాడు. ఆ ఒక్క దృశ్యం నెమ్మదిగా వేసుకుని చూడండి. బంతి, గీత, బూటు ఎంత దగ్గరగా ఉన్నాయో తెలుస్తుంది. 79వ నిమిషంలో గోల్ కొట్టిన జాన్సన్‌ను తీసి డిఫెండర్ కెవిన్ డాన్సోను దించారు. ఆగస్టులో ఇదే కోచ్ అలా చేస్తారని ఎవరూ అనుకొని ఉండరు.

ప్రశ్న: కప్పు తెచ్చిన కోచ్‌ను తీసేయడం న్యాయమా? – హైదరాబాద్ పాఠకుడు

జవాబు: ఫైనల్ మే 21న, తొలగింపు జూన్ 6న. రెండో ఏడాదిలో తాను ఎప్పుడూ ఏదో ఒకటి గెలుస్తానని సెప్టెంబర్‌లో చెప్పి, అన్నమాట నిలబెట్టుకున్న మనిషి. లీగ్‌లో 22 ఓటములను క్లబ్బు పక్కన పెట్టలేకపోయింది. మా అభిప్రాయంలో ఆయనకు కనీసం ఛాంపియన్స్ లీగ్ లీగ్ దశ వరకైనా అవకాశం ఇవ్వాల్సింది.

ప్రశ్న: మా అభిమానుల బృందం ఏటా సీజన్ ముగిశాక కలుస్తుంది. ఈసారి నవ్వించేలా సీజన్ సమీక్ష నేను చదవాలి. పోయినసారి చదివినాయన ఆగస్టు నుంచి మొదలుపెడితే అక్టోబర్ వచ్చేసరికే జనం ఫోన్లు తీశారు. ఎలా రాయాలి? – విశాఖపట్నం పాఠకుడు

జవాబు: తేదీల వరుసలో రాయకండి. ఫలితాలు అందరికీ తెలుసు. ముందు ఏం జరగబోతుందో తెలిసిన కథను మొదటినుంచి చెప్తే ఎవరికైనా విసుగే.

ముందుగా సీజన్లోని 60 మ్యాచ్‌లూ ఒక పట్టికలో వేసుకోండి. లీగ్ 38, యూరోపా 15, లీగ్ కప్ 5, ఎఫ్ఏ కప్ 2. ఒక్కోదానికి నాలుగు గడులు: చివరి స్కోరు, విరామానికి స్కోరు, గోల్స్ పడ్డ నిమిషాలు, ఆ రోజు లేని ఆటగాళ్లు. ఈ పని ఓపిగ్గా చేస్తే హాస్యం దానంతట అదే కనిపిస్తుంది. చేయకపోతే ఫోన్లో తిరిగిన పాత జోకులే మళ్లీ చదువుతారు.

తర్వాత జంటలు కట్టండి. ఈ సీజన్‌కు ఇంతకంటే మంచి పద్ధతి లేదు. ఏప్రిల్ 27న లివర్‌పూల్‌లో 1-5, నాలుగు రోజులకు బోడోపై 3-1. మే 8న ఆర్కిటిక్ వలయం అవతల, కృత్రిమ గడ్డి మీద 2-0 గెలిచి ఫైనల్ చేరడం, మే 11న సొంతగడ్డపై క్రిస్టల్ ప్యాలెస్ చేతిలో 0-2. మే 21న కప్పు, మే 25న అదే సంబరంలో ఉన్న జనం ముందు బ్రైటన్ చేతిలో 1-4. స్కోర్లు చదివి ఒక్క క్షణం ఆగండి. మీరు ఏమీ అనక్కర్లేదు, నవ్వు వస్తుంది.

మధ్యలో రెండు మ్యాచ్‌లను మాత్రం వివరంగా చెప్పండి. ఒకటి అక్టోబర్ 6, బ్రైటన్‌లో. విరామానికి 2-0 ఆధిక్యం, 48, 58, 66 నిమిషాల్లో మూడు గోల్స్ ఇచ్చి ఓటమి. టీ తాగి వచ్చేలోపు మ్యాచ్ చేతులు మారింది. రెండోది పైన చెప్పిన చెల్సీ మ్యాచ్. చెల్సీ డిఫెండర్ కుకురెయా రెండుసార్లు జారితే స్పర్స్‌కు రెండు గోల్స్ దొరికాయి. ఆయన వెళ్లి బూట్లు మార్చుకొచ్చాడు. తర్వాత చెల్సీ నాలుగు కొట్టింది. బూట్ల సంగతి చివరిదాకా దాచి చెప్పండి, ముందే చెప్తే పస పోతుంది. సమయం మిగిలితే ఐదో అంచె లీగ్ జట్టు టామ్‌వర్త్ 90 నిమిషాల పాటు స్పర్స్‌ను 0-0తో ఆపిన సంగతి కలపండి. అదనపు సమయంలో 3-0తో గట్టెక్కింది.

సాధారణంగా చెడేది మూడు చోట్ల. గాయపడ్డ ఆటగాడి మీద జోకు వేస్తే సభ చల్లబడుతుంది, అది వద్దు. పది నిమిషాలు దాటితే ఎంత మంచి సమీక్షైనా సాగుతుంది. మామూలు కాగితంలో దాదాపు నాలుగు పేజీలు చాలు. ఇక మూడోది, కొత్తవాళ్లు. ఒకే జట్టుతో ఒకటి సొంతగడ్డపై, ఒకటి బయట ఆడే రెండు అంచెల మ్యాచ్‌లలో స్కోర్లు కలిపి లెక్కేస్తారని మొదట్లోనే ఒక వాక్యంలో చెప్పండి. లేకపోతే ఫ్రాంక్‌ఫర్ట్‌తో 1-1 అయ్యాక 1-0తో ముందుకెళ్లడం ఎందుకంత పెద్ద విషయమో వాళ్లకు అందదు.

ప్రశ్న: యూరప్ మ్యాచ్‌ల సమయం ప్రతిసారీ తప్పుతోంది. ఫైనల్ మే 21 అని అలారం పెట్టుకుని ఒక రోజు ముందే లేచాను. – నెల్లూరు పాఠకుడు

జవాబు: అక్టోబర్ చివరి ఆదివారం నుంచి మార్చి చివరి ఆదివారం వరకు ఇంగ్లండ్ మనకంటే ఐదున్నర గంటలు వెనక, మిగతా నెలల్లో నాలుగున్నర. అక్కడ శనివారం మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్ మనకు చలికాలంలో రాత్రి 8:30కి, మిగతా రోజుల్లో 7:30కి. గురువారం రాత్రి 8 గంటల మ్యాచ్ చలికాలంలో మన తెల్లవారుజాము 1:30కి, మిగతా రోజుల్లో అర్ధరాత్రి దాటాక 12:30కి. అంటే మనకు తేదీ శుక్రవారమైపోతుంది. తప్పు జరిగేది ఇక్కడే. మే 21 ఫైనల్ మనకు మే 22న 12:30కి మొదలైంది. అలారంలో గంటతోపాటు తేదీ కూడా చూసుకోండి. అమెరికాలో ఉన్న మీవాళ్లకు ఇంకో చిక్కు: అక్కడ గడియారాలు మార్చి రెండో ఆదివారమే మారతాయి, ఇంగ్లండ్‌లో నెలాఖరున. ఆ మధ్య వారాల్లో మ్యాచ్‌లు వాళ్లకు మామూలు కంటే గంట ఆలస్యంగా వస్తాయి.

ప్రశ్న: మా తమ్ముడు మాంచెస్టర్ యునైటెడ్. వాడిని ఏడిపించడానికి గట్టి పాయింట్లు కావాలి! – రాజమండ్రి పాఠకురాలు

జవాబు: ఆ సీజన్లో స్పర్స్, యునైటెడ్ నాలుగుసార్లు తలపడ్డాయి, నాలుగూ స్పర్స్‌వే. సెప్టెంబర్‌లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 3-0, డిసెంబర్‌లో లీగ్ కప్‌లో 4-3, ఫిబ్రవరిలో 1-0, మేలో ఫైనల్ 1-0. లీగ్ కప్ మ్యాచ్‌లో సన్ హ్యూంగ్‌మిన్ కార్నర్ నుంచి నేరుగా గోల్ కొట్టాడు, ఆ వీడియో దగ్గర పెట్టుకోండి. తమ్ముడి దగ్గర రెండు జవాబులుంటాయి. మొదటిది, 3-0 మ్యాచ్‌లో బ్రూనో ఫెర్నాండెజ్‌కు చూపిన రెడ్ కార్డును తర్వాత రద్దు చేశారు. నిజమే, కానీ కార్డుకు ముందే స్పర్స్ 1-0తో ముందుంది. రెండోది, లీగ్‌లో యునైటెడ్ 42 పాయింట్లతో 15వ స్థానంలో, మీకంటే రెండు మెట్లు పైన ముగించింది. దానికి ఎదురు చెప్పకుండా ఒప్పేసుకోండి. ఆ వెంటనే ఛాంపియన్స్ లీగ్‌కు ఎవరు వెళ్లారని అడగండి.