కుర్చీలో కూర్చున్నవాళ్లదే పని

చిరంజీవి శ్రావణికి,

పెదనాన్న ఆశీస్సులు. బ్రాడీపేటలో గది తీసుకుని హిప్నాసిస్ మొదలుపెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. నీ దగ్గరికి ముందుగా వచ్చేది పరీక్షల భయంతో నిద్రపట్టని ఇంటర్ పిల్లలే కనుక, వాళ్లను దృష్టిలో పెట్టుకునే ఇది రాస్తున్నాను.

హిప్నాసిస్ చేసేవాళ్ల కళ్లలో ఏ శక్తీ ఉండదు. మెస్మర్ అనే జర్మన్ వైద్యుడు ఒంట్లో ప్రవహిస్తుందని చెప్పిన అయస్కాంత ద్రవాన్ని 1784లో ఫ్రెంచి రాజు వేసిన సంఘం పరీక్షించి, అలాంటిదేమీ లేదనీ, రోగుల ఊహే పనిచేస్తోందనీ తేల్చింది. గోవా నుంచి వెళ్లిన ఫాదర్ ఫారియా 1813లో పారిస్‌లో అదే మాట చెప్పాడు: జరిగేదంతా కూర్చున్నవారి మనసులోనే. ఇది నువ్వు నమ్మితేనే తొందరపడవు, అధికారం చెలాయించవు.

మొదటి రోజు హిప్నాసిస్ చెయ్యకు, మాట్లాడు. మూర్ఛలు ఉన్నాయా, మానసిక వైద్యుడి మందులు వాడుతున్నారా, ఎవరూ లేకుండానే మాటలు వినిపిస్తున్నాయా అని అడుగు. చివరిదానికి అవునంటే ఇది వాళ్లకు పనికిరాదు, సైకియాట్రిస్టు దగ్గరికి పంపు. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఆ విభాగం ఉంది. చనిపోవాలనిపిస్తోందని పిల్లలు అంటే అదే రోజు ఇంట్లోవాళ్లకు చెప్పు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ టెలిమానస్ 14416 నంబరు ఇవ్వు. తలనొప్పితో వచ్చినవాళ్లను ముందు డాక్టరుకు చూపించుకు రమ్మను. కారణం తెలియకుండా నొప్పి తగ్గిస్తే అసలు జబ్బు దాగిపోతుంది. పద్దెనిమిదేళ్ల లోపువాళ్లయితే తల్లిదండ్రుల సంతకం తీసుకో, ఇంటివాళ్లు ఒకరు గదిలోనే కూర్చోవాలి. ‘నిద్రపోవు, నా మాట వినిపిస్తూనే ఉంటుంది, ఇష్టం లేకపోతే కళ్లు తెరవచ్చు’ అని ముందే చెప్పు. సగం భయం అక్కడే పోతుంది. కొత్తావకాయ కలిపిన వేడన్నం ముద్దను కళ్లు మూసుకుని ఊహించుకోమను. నోట్లో నీళ్లూరాయంటే, మాటకు ఒళ్లు ఎలా పలుకుతుందో వాళ్లకే అర్థమవుతుంది.

రెండో రోజు తల ఆనే కుర్చీలో, పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెట్టు. ఏసీ మరీ చల్లగా పెట్టకు, కదలకుండా కూర్చుంటే ఒళ్లు చల్లబడుతుంది. గోడమీద కంటి మట్టానికి కాస్త పైన ఒక చుక్క పెట్టు. పైకి చూస్తూ ఉంటే రెప్పలు వాటంతటవే అలుస్తాయి, అప్పుడే ‘బరువెక్కుతున్నాయి’ అను. కొత్తవాళ్లు చెడేది ఇక్కడే. రెప్ప ఇంకా చురుగ్గా ఆడుతుంటే మూతపడుతోందంటారు, ఆ అబద్ధం విన్న మనసు తర్వాతి మాటలు కూడా నమ్మదు. వాళ్లు ఊపిరి వదిలేటప్పుడే మాట్లాడు. మూడు నిమిషాలైనా కళ్లు మూతపడకపోతే ‘ఇక మూసుకో’ అను, తప్పేం లేదు. బయట ఆటో హారన్ మోగితే, ఆ శబ్దం వినిపించినా నీ ఊపిరి నెమ్మదిగానే సాగుతోందని కలుపుకుపో.

తర్వాత పాదాల నుంచి నుదుటి దాకా ఒక్కో భాగాన్నీ వదులు చేయించు. పది నిమిషాలు పడుతుంది. దవడ దగ్గర ఎక్కువసేపు ఆగు, పిల్లలు బిగువంతా అక్కడే పెట్టుకుంటారు. ఆపైన పది మెట్లు దిగుతున్నట్టు ఊహింపజేస్తే ఏకాగ్రత ఇంకా పెరుగుతుంది. అయితే ఎత్తంటే భయమా, నీళ్లంటే భయమా ముందే అడిగి ఉంచుకో. నీటి భయం ఉన్న పిల్లను కృష్ణ ఒడ్డుకు దింపితే ఉలిక్కిపడి లేస్తుంది. ఊపిరి నెమ్మదించడం, ముఖం వదులవడం, రెప్పలు సన్నగా అదరడం హిప్నాసిస్ కుదిరిందనడానికి గుర్తులు. చెప్పకుండా చెయ్యి పట్టుకుని ఎత్తి చూడకు.

ఇప్పుడు సూచన. ‘భయపడవు’ అంటే మనసు ముందు భయాన్నే తెచ్చుకుంటుంది. ‘ప్రశ్నపత్రం చేతికి రాగానే బొటనవేలూ చూపుడువేలూ కలుపుతావు, ఊపిరి పూర్తిగా వదులుతావు, తెలిసిన ప్రశ్నతో మొదలుపెడతావు’ అను. ఇదే సూచనను నాలుగైదు సార్లు, తొందర లేకుండా చెప్పు. ఒక పూట ఒకే సమస్య. చదవని పాఠం హిప్నాసిస్‌తో గుర్తుకు రాదు, ర్యాంకు వస్తుందని తండ్రికి మాటివ్వకు.

లేపేటప్పుడు చేతుల బరువు పోయిందని ముందు చెప్పి, ఒకటి నుంచి ఐదు దాకా నిదానంగా లెక్కపెట్టు. తొందరపెడితే కళ్లు తిరగడం, తలనొప్పి వస్తాయి. మంచినీళ్లిచ్చి పది నిమిషాలు కూర్చోబెట్టాకే బండి ఎక్కనివ్వు. మధ్యలో ఏడుపు వస్తే కంగారుపడకు, ఎందుకని తవ్వకు. ‘నా గదిలో ఉన్నావు, క్షేమంగా ఉన్నావు’ అంటూ మెల్లగా కళ్లు తెరిపించు. ఇంటి దగ్గర రోజూ పది నిమిషాలు సాధన చేసుకునేలా నీ గొంతు ఫోన్‌లో రికార్డు చేసివ్వు. బండి మీద మాత్రం వినొద్దని గట్టిగా చెప్పు.

పూర్వజన్మ చూపించమనీ, పోయిన గొలుసు ఎవరు తీశారో చెప్పించమనీ డబ్బుతో వచ్చేవాళ్లుంటారు. ఒప్పుకోకు. ఆ స్థితిలో మనసు లేనిదాన్ని కూడా జ్ఞాపకంగా కల్పించుకుంటుంది, దాన్ని గట్టిగా నమ్ముతుంది. నీ గదిలో పలికిన ఒక పేరు వల్ల ఏ పాపమూ తెలియని పనిమనిషి దొంగ అయిపోతుంది.

మొదటి ఇద్దరి నోట్సు నాకు పంపు, పేర్లు, కాలేజీ వివరాలు కొట్టేసి.

ఆశీస్సులతో,
పెదనాన్న