ఆ ‘హై’ గుర్తు అమ్మకు వర్తించదు

చిన్నా,

నిన్న నువ్వు పంపిన రిపోర్టు ఫోటో చూశాను. ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంత ఆలస్యంగా గడ్డ కడుతోందో చెప్పే అంకె, 3.0. పక్కనే లావు అక్షరాల్లో ‘హై’. టెన్షన్‌తో, రక్తం గడ్డ కట్టకుండా రాత్రి వేసే ఎసిట్రోమ్ మాత్ర ఆపేయనా పెద్దమ్మా అని అడిగావు. ఫోన్లో చెప్పిందే మళ్లీ రాస్తున్నాను. డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపకు.

ఆ కాగితం మీద అచ్చయిన 0.8–1.2 ఈ మందు వాడని వాళ్ల లెక్క. అమ్మ గుండెలో ఉన్నది లోహపు మైట్రల్ వాల్వు, అంటే కృత్రిమ కవాటం. అలాంటివాళ్లకు మామూలుగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. అమ్మకు ఎంత ఉండాలో డిశ్చార్జి కాగితంలో ఉంటుంది, తీసి చూడు. లేకపోతే డాక్టరుగారినే అడిగి రాసిపెట్టుకో. రిపోర్టులో 1.1 అని, ‘నార్మల్’ అని వచ్చి ఉంటే నాకు నిద్ర పట్టేది కాదు. వాల్వు మీద గడ్డ కట్టే ప్రమాదం ఉన్నది అక్కడే.

ఇప్పుడు సెకన్ల సంగతి. అమ్మ రక్తం గడ్డ కట్టడానికి 30 సెకన్లు పట్టింది. కంట్రోల్, అంటే పోల్చి చూసే మామూలు రక్తానికి, 12. భాగిస్తే 2.5. మరి 3.0 ఎలా వచ్చిందంటావు. పరీక్షలో రక్తాన్ని గడ్డ కట్టించడానికి కలిపే థ్రాంబోప్లాస్టిన్ అన్ని కంపెనీలదీ ఒకేలా పనిచేయదు. ఆ తేడాను సరిచేయడానికి ఐఎస్ఐ అనే అంకె ఉంటుంది. నీ రిపోర్టులో అది 1.2. 2.5ను 1.2 ఘాతానికి లెక్కిస్తే 3.0. అందుకే పోయిన నెల సెకన్లతో ఈ నెల సెకన్లు పోల్చకు, ఐఎన్ఆర్‌నే పోల్చు. వీలైనంతవరకు ఒకే ల్యాబుకు వెళ్లండి.

రక్తం తీసేటప్పుడు నీలం మూత ట్యూబు గీత దాకా నిండిందో లేదో చూడు. అందులో రక్తాన్ని గడ్డ కట్టనివ్వని సిట్రేటు 0.3 మిల్లీలీటర్లు ఉంటే రక్తం 2.7 పడాలి. తక్కువ పడితే సిట్రేటు ఎక్కువై, రక్తం ఆలస్యంగా గడ్డ కట్టినట్టు కనిపిస్తుంది. నేను ల్యాబులో పనికి చేరిన కొత్తలో, సగమే నిండిన ట్యూబుతో పరీక్ష చేసి ఒక పెద్దాయనకు ఐఎన్ఆర్ 5 దాటిందని రాసిచ్చాను. ఆయన ఆ రాత్రి మాత్ర వేసుకోలేదు. మర్నాడు సరిగ్గా తీస్తే 2.8. ఆయన భార్య ముఖం నాకింకా గుర్తుంది.

అంకె నిజంగానే మారితే ఆ వారం ఏం జరిగిందో వెతుకు. మాత్ర మరిచిపోయిందా? విరేచనాలకు మెట్రోనిడజోల్ లాంటిదేమైనా వాడిందా? అది ఐఎన్ఆర్‌ను బాగా పెంచుతుంది. కూకట్‌పల్లి రైతు బజార్లో తోటకూర, పాలకూర చవగ్గా దొరికాయని వారమంతా అవే తింటే తగ్గుతుంది. ఆకుకూరలు మానొద్దు, వారం వారం ఒకే మోతాదులో తినమను. డోసు మార్చినా ఫలితం రెండు మూడు రోజులకు గానీ కనిపించదు. మర్నాడే పరీక్ష చేయించి కంగారుపడకు.

ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చి ఇవ్వకు, ముందు డాక్టరును అడుగు. నల్లటి విరేచనం, ఆగని చిగుళ్ల రక్తం, కిందపడి తలకు దెబ్బ, మూతి వంకరపోవడం, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా రిపోర్టు కోసం ఆగొద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు.

ఆదివారం మలక్‌పేటలో మెట్రో ఎక్కి వస్తాను. పాత రిపోర్టులన్నీ తీసి ఉంచు. తేదీ, డోసు, ఐఎన్ఆర్ ఒక నోటుబుక్కులో వరసగా ఎక్కిద్దాం.

మీ పెద్దమ్మ