తలకు కరెంటు అంటే మా అమ్మ కూడా భయపడింది

మందులు వాడుతున్నా మీ తమ్ముడికి ఎవరూ లేకపోయినా చెవిలో మాటలు వినిపించడం ఆగడం లేదని, డాక్టరు టీడీసీఎస్ (తలకు పైనుంచి స్వల్పంగా కరెంటు పంపే చికిత్స) సూచించారని, ఒప్పుకోవచ్చా అని మీరు అడిగారు. మా అన్నయ్యకు స్కిజోఫ్రీనియా. నాలుగేళ్ల క్రితం బెంగళూరులో ఇది చేయించాం.

‘తలకు కరెంటు’ అన్న మాట వినగానే అమ్మ గదిలోంచి లేచి వెళ్లిపోయింది. ఆమె మనసులో ఉన్నది షాక్ చికిత్స. ఇది అది కాదండి. మత్తు ఇవ్వరు, మూర్ఛ రప్పించరు. ఉప్పునీటిలో తడిపిన రెండు స్పాంజి ముక్కలను తలకు ఎడమవైపే, ఒకటి నుదుటి పైభాగాన, మరొకటి చెవికి వెనక కాస్త పైన పట్టీతో బిగించి, 2 మిల్లీ ఆంపియర్ల కరెంటు 20 నిమిషాలు పంపుతారు. రోజుకు రెండుసార్లు, అయిదు రోజులు చేశారు. చీమలు పాకినట్టుందన్నాడు అన్నయ్య. స్పాంజి తీశాక చర్మం కాస్త ఎర్రబడింది, అంతే.

2012లో ఫ్రాన్సులోని లియోన్ వైద్యులు 30 మందిపై ఇదే పద్ధతిని పరీక్షించారు. ఉత్తుత్తి కరెంటు కాక నిజమైన కరెంటు అందుకున్నవారిలో మాటలు వినిపించడం సగటున 31 శాతం తగ్గింది, ఆ మార్పు మూడు నెలలు నిలిచింది. తరువాతి పరీక్షలన్నీ ఇంత మంచి ఫలితం చూపలేదు.

అన్నయ్యకూ మాటలు పూర్తిగా పోలేదు. కానీ అంతకుముందు అన్నం ముద్ద చేతిలో పట్టుకుని గోడకేసి జవాబులిచ్చేవాడు. రెండో వారంలో ఒక రాత్రి కంచం ఖాళీ చేసి, పప్పుచారు మళ్లీ వేయమన్నాడు. ఆ మాటలు ఇంకా వినిపిస్తున్నాయా అంటే, ‘ఉన్నారు, పక్కింట్లో మాట్లాడుకుంటున్నట్టుంది’ అన్నాడు. అమ్మ వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. అయితే ఎవరితోనూ కలవకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం మాత్రం అలాగే ఉన్నాయి.

తగ్గింది కదా అని రాత్రి మాత్ర విషయంలో మేము అశ్రద్ధ చేశాం. మూడు వారాలు తిరగకముందే నిద్ర కరువైంది, అనుమానాలు తిరిగొచ్చాయి. దయచేసి ఆ తప్పు మీరు చేయకండి. ఇది మందులతో పాటు చేసేదే, వాటికి బదులు కాదు.

తమ్ముడికి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినా, తలలో లోహపు ముక్క ఉన్నా, తలమీద పుండు ఉన్నా డాక్టరుకు ముందే చెప్పండి. క్లోజపిన్ అనే మందు ఇంకా వాడి చూడకపోతే దాని గురించీ అడగండి. రక్తపరీక్షలు తప్పవు గానీ, రెండు మందులు పనిచేయనివారి విషయంలో దానికున్నంత ఆధారం టీడీసీఎస్‌కు లేదు. ఆన్‌లైన్‌లో దొరికే యంత్రాలు కొని ఇంట్లో ప్రయత్నించవద్దు.

ఇంకొకటి, తమ్ముడిని కూడా అడగండి. మా అన్నయ్య మొదట ఒప్పుకోలేదు. అక్కడి నర్సు స్పాంజిని అతని చేతికిచ్చి, ఎంతసేపైనా చూడనిచ్చింది. ఆ తరువాత తనే పట్టీ కట్టించుకున్నాడు.