మెసేజ్ వచ్చిందని మందు కొట్టకండి, ముందు సెన్సార్ తుడవండి

ప్రశ్న: మూడెకరాల మిరప తోటలో రెండేళ్ల కిందట సోలార్‌తో నడిచే వాతావరణ కేంద్రం పెట్టించాను. పదిహేను రోజులుగా ‘ఆకులు తడిగా ఉన్నాయి, తెగులు ముప్పు’ అని ఫోన్‌కు రోజూ మెసేజ్ వస్తోంది. వచ్చినప్పుడల్లా తెగులు మందు కొడుతున్నాను. అయినా ఆకులు పైకి ముడుచుకుంటున్నాయి. మొన్న గంటసేపు దంచికొట్టిన వానకు 3 మి.మీ. చూపించింది. నేలలో తేమ ఎప్పుడూ సున్నా. సెన్సార్లన్నీ పోయాయి, కొత్త సెట్టు వేయాలి, అప్పటిదాకా మందు ఆపొద్దని డీలర్ అంటున్నాడు. ఏం చేయాలి?
– ఒక రైతు, సిరోంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా

జవాబు: ముందు ఆ తెగులు మందు ఆపండి. ఆకు అంచులు పైకి లేచి దోనెలా ముడుచుకుంటే అది చాలావరకు తెగులు కాదు, తామర పురుగు పని. లేత చిగుళ్లను తెల్ల కాగితం మీద తట్టి చూడండి, సన్నటి పురుగులు పాకుతూ కనిపిస్తాయి. తెగులు మందు ఎంత కొట్టినా అవి చావవు. స్పైనోసాడ్ 45 ఎస్.సి. లీటరు నీటికి 0.3 మి.లీ. కలిపి సాయంత్రం పూట చిగుళ్లు, పూత బాగా తడిసేలా పిచికారీ చేయండి. నీలిరంగు జిగురు అట్టలు పెట్టండి. వారం తర్వాత మళ్లీ చిగురు తట్టి చూసి, పురుగు ఉంటేనే మందు మార్చి కొట్టండి.

ఇక యంత్రం సంగతి. మీ సెన్సార్లు పోయాయని నేననుకోవడం లేదు. ఆకు తడి సెన్సార్ మీద మీరు కొట్టిన మందే పేరుకుపోయింది. మందుతో పాటు 19-19-19 లాంటి నీటిలో కరిగే ఎరువు కూడా కలిపి కొడుతుంటే ఆ పొర రాత్రి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆకు ఆరినా సెన్సార్ ఆరదు. మెసేజ్ వస్తుంది, మీరు మళ్లీ కొడతారు, పొర ఇంకా మందమవుతుంది. మీ ఖర్చంతా ఈ చక్రంలోనే పోతోంది.

మెత్తటి నూలు గుడ్డను మంచినీటిలో ముంచి సెన్సార్ రెండు వైపులా తుడవండి. సబ్బు పొడి, పీచు వాడితే పైపూత లేచిపోతుంది. మధ్యాహ్నం ఎండలో చూస్తే ‘పొడి’ అని చూపాలి. చేతి స్ప్రేయరుతో నీళ్లు చల్లితే వెంటనే ‘తడి’కి మారి, ఆరాక మళ్లీ కిందికి రావాలి. అలా వస్తే అది బాగున్నట్టే. ఇకమీదట పిచికారీకి ముందు దానికి పాలిథిన్ సంచి తొడిగి, గంట తర్వాత తీసేయండి. మందులు కొట్టే కాలంలో పదిహేను రోజులకోసారి తుడవాలి.

వాన లెక్క తగ్గిందంటే నూటికి తొంభై పాళ్లు గరాటు పూడుకుపోయి ఉంటుంది. ఆకులు, పిట్ట రెట్టలు, సాలెగూడు తీసేయండి. మూత విప్పి లోపల నిండగానే ఒరిగి వాన లెక్కపెట్టే చిన్న బకెట్‌ను వేలితో మెల్లగా అటూ ఇటూ ఆడించి చూడండి. మట్టి అంటుకుంటే సగంలోనే ఆగిపోతుంది. నీటిమట్టం బుడగ మధ్యలో ఉందో లేదో కూడా చూడాలి. నల్లరేగడిలో వానకు నేల ఉబ్బి, ఎండకు బీటలువారి స్తంభాలు ఒరుగుతాయి.

తర్వాత ఈ పరీక్ష తప్పక చేయండి. గరాటు వ్యాసం 20 సెం.మీ. అయితే 1 మి.మీ. వానంటే 31.4 మి.లీ. నీళ్లు. సీసా అడుగున సూదితో చిల్లు చేసి, 628 మి.లీ. నీళ్లు పోసి, గంటసేపు బొట్టుబొట్టుగా గరాటులోకి కారనివ్వండి. 20 మి.మీ. చూపాలి, 19 నుంచి 21 దాకా పరవాలేదు. గబగబా పోస్తే బకెట్ అందుకోలేక తక్కువ చూపుతుంది. గరాటు వేరే కొలతదైతే వ్యాసాన్ని సెంటీమీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే గుణించి, మళ్లీ 0.0785తో గుణిస్తే 1 మి.మీ.కి ఎన్ని మిల్లీలీటర్లో వస్తుంది. పరీక్ష చేసిన తేదీ రాసిపెట్టుకోండి, లేకపోతే ఆ నీళ్లు కూడా వాన లెక్కలో కలిసిపోతాయి. రెవెన్యూ సర్కిల్ స్థాయిలో ఉండే మహావేధ్ (మహారాష్ట్ర వాతావరణ కేంద్రాల పథకం) కేంద్రం అంకెతో పోల్చి మీది తప్పనుకోవద్దు. వాన చేను చేనుకూ మారుతుంది.

తేమ సున్నాకు కారణం మీ నేలే. రేగడి బీటవారి సెన్సార్ చుట్టూ గాలి చేరితే అది గాలినే కొలుస్తుంది. తడి ఇచ్చిన రెండో రోజు దాన్ని తీసి, అదే చేనులోని మట్టిని జల్లెడ పట్టి, నీళ్లతో జారుగా కలిపి గుంతలో పోసి, మళ్లీ దించండి. మిరపకు ఒకటి 15, ఇంకొకటి 30 సెం.మీ. లోతున ఉండాలి. డ్రిప్పు ఉంటే డ్రిప్పరుకు జానెడు దూరంలోపే పెట్టండి. రెండు చాళ్ల మధ్య పొడి నేలలో పెడితే మీరు ఎన్ని నీళ్లిచ్చినా అది చూడదు.

గాలిలో తేమ కొలిచే సెన్సార్‌కు ఉప్పు పరీక్ష చాలు. గట్టి మూత ఉన్న డబ్బాలో కాస్త నీళ్లు చిలకరించిన వంట ఉప్పు పెట్టి, ఉప్పు తగలకుండా సెన్సార్‌ను రాత్రంతా ఉంచండి. తెల్లారి 75 శాతం దగ్గర చూపాలి. ఆ సెన్సార్ ఉండే తెల్లటి పళ్లేల గూడులో కందిరీగలు గూడు కట్టి ఉంటే చేత్తో తీయండి. పురుగు మందు కొట్టారంటే సెన్సార్ నిజంగానే పోతుంది.

మీ డీలర్ ఇందులో ఒక్క పరీక్షా చేయకుండానే సెట్టు మార్చమన్నాడు, పైగా మందు ఆపొద్దన్నాడు. రెండూ ఆయన అమ్మే సరుకులే. ఇలాంటి సలహాతో తోటలు ఎలా పోతాయో, అప్పులు ఎలా అవుతాయో చూస్తూనే ఉన్నాం కాబట్టి గట్టిగా చెబుతున్నాను: ఫోన్ మెసేజ్ తోటలోకి వెళ్లి చూడమని మాత్రమే చెబుతుంది. కొమ్మ కొన నుంచి ఎండుతూ, పండు కాయల మీద గుండ్రటి మచ్చలు కనిపిస్తే అప్పుడు అజాక్సీస్ట్రోబిన్ లీటరుకు 1 మి.లీ. కొట్టండి. బూడిద తెగులుకు ఆకు తడితో పనే లేదు, దాన్ని ఈ సెన్సార్ పట్టించదు. ఆకు తిప్పి చూడాల్సిందే.

ఇవన్నీ చేశాక కూడా పరీక్షలో తప్పిన సెన్సార్ ఉంటే ఆ ఒక్కటే మార్చండి. బిల్లు మీద మోడల్ నంబరు, గ్యారంటీ తేదీ రాయించుకోండి.